తుండు కింద చెయ్యి

నా దవడలో తేడా ఉందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు. పొల్లాచ్చి పశువుల సంతలో యాభై ఏళ్ళు బేరాలు కుదిర్చిన మా నాయన. తమిళ నెల వైకాసిలో ఒక ఆదివారం ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటున్నాం. నేను ఏదో చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు. ముద్ద చేతిలో పట్టుకుని నా నోటికేసి చూస్తూ ఉండిపోయాడు.

“రే, నీకు ఎడమపక్క కింద రెండు పల్లు జరిగుండాయి. పోయి చూపించుకో,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నలభై ఆరేళ్ళవాణ్ణి, కొబ్బరి ఎండబెట్టే నా కళంలో పదిమంది పనిచేస్తారు, ఎద్దు మూతి విప్పి వయసు చెప్పినట్టు అన్నం దగ్గర నా పళ్ళు లెక్కపెడతావా అని విసుక్కున్నాను. ఆయన బేరం కుదరనప్పుడు సంతలో ఎలా లేస్తాడో అలాగే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఇప్పుడు ఆ ముద్ద, ఆ చూపు గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది. నొప్పి లేని వాపును ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. నాలాంటి మొండివాళ్ళు మా వైపు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను చదువుకున్నది తమిళంలో. ఇంట్లో తెలుగే అయినా రాయడం అంతంతమాత్రం. నా భార్య సుగుణ పుట్టిల్లు చిత్తూరు వైపు. నా వాక్యాలను ఆమె దిద్దింది, నాలుగైదు చోట్ల నవ్వింది కూడా.

వాపుకు నా దగ్గర నా కారణం ఉంది. కళంలో ఎండిన కొబ్బరి సరిగ్గా ఎండిందో లేదో తెలియాలంటే ముక్క విరిచి చూడాలి, కొరికి చూడాలి. తేమ ఉంటే పంటి కింద సాగుతుంది, ఎండితే పెళుక్కుమంటుంది. ఇరవై ఏళ్ళుగా ఆ పరీక్ష నేనే చేస్తున్నాను, ఎప్పుడూ ఎడమవైపే. కొరికి కొరికి దవడ కాయ కాసిందని తీర్మానించాను. వైద్యం కూడా నేనే కనిపెట్టాను. అప్పటి నుంచి కుడివైపు కొరకడం మొదలుపెట్టాను. కళంలో అందరూ అదే నిజమన్నారు. వాళ్ళకు కూలి ఇచ్చేది నేను, ఇంకేమంటారు? సుగుణ మాత్రం ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడుతూ, డాక్టరు దగ్గరికి పోదాం అని రోజూ సణిగేది. ఆడి నెల పోయింది, ఆవణి నెల పోయింది. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో ఒక చెంప నాది, ఒక చెంప ఇంకెవరిదో అనిపించేది. గడ్డం పెంచేశాను.

దీపావళి వచ్చే ఐప్పసి నెలలో ఒకరోజు దోసె తింటుంటే ఆ రెండు పళ్ళలో ఒకటి కదిలింది. పీకించుకుంటే సరిపోతుందని పొల్లాచ్చిలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్నవాడు, ఉత్సాహంగా మాట్లాడుతూ ఫోటో తీశాడు. దవడ అంతా ఒకే పటంలో కనిపించే ఎక్స్‌రే అది. తెర మీద బొమ్మ రాగానే కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కుడివైపు ఎముక తెల్లగా, గట్టిగా ఉంది. ఎడమవైపు సబ్బు నురగ. బుడగ పక్కన బుడగ, చెవి కిందిదాకా.

పన్ను పీకనన్నాడు. నాకు మంచినీళ్ళు ఇచ్చాడు. కోయంబత్తూరులో తను చదువుకున్న చోట ఒక డాక్టరమ్మ ఉందని, దవడ ఎముకల పని ఆమెకు బాగా తెలుసని చెప్పి, అప్పటికప్పుడు ఆమెకు ఫోన్ చేశాడు. ఫీజు తీసుకోలేదు. మెట్లు దిగి బస్టాండు వైపు మలుపుదాకా వచ్చి, “భయపడకండి అన్నా, కానీ ఆలస్యం చేయకండి,” అన్నాడు. ఆ రెండు మాటల్లో దేన్ని పట్టుకోవాలో తెలియక బస్సు ఎక్కాను.

కోయంబత్తూరు ఆస్పత్రిలో ఆ విభాగం ముందు వరండాలో బెంచీలు. అక్కడ కూర్చున్నవాళ్ళు ఎవరూ ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడరు. దవడలు చూస్తారు. కొంగు అడ్డం పెట్టుకున్న ఒకావిడ, తుండుగుడ్డ చుట్టుకున్న ఒక ముసలాయన, గడ్డం చాటున నేను. నా వంతు వచ్చినప్పుడు డాక్టరమ్మ నోట్లో వేలు పెట్టి, దవడ మీద నెమ్మదిగా నొక్కింది. లోపల చిటపటమని చిన్న చప్పుడు. నాకే వినిపించిందనుకున్నాను, పక్కన నిలబడ్డ సుగుణ ముఖం చూస్తే ఆమెకూ వినిపించిందని తెలిసింది. ఎముక గుడ్డు పెంకంత పలచనైపోయిందట. కాయను చేతిలో ఊపి లోపల ఎంత నీళ్ళున్నాయో చెప్పేవాణ్ణి నేను. నా దవడ బోలైపోతుంటే నాకు తెలియలేదు.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం కోసం పది రోజులు ఆగమన్నారు. ఆ పది రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. ఉప్పు మూట ముందే మానేసి ఆస్పత్రికి తీసుకుపోయి ఉండాల్సింది అని సుగుణ తనను తాను తిట్టుకునేది, ఆ తిట్టు నాకు తగిలేది, నేను తిరిగి అరిచేవాణ్ణి. క్యాన్సర్ అన్న మాట ఎవరి నోటా రాలేదు. వంటింట్లో, కళంలో, స్నానాల గదిలో ఆ మాట మాత్రమే ఉంది. నాయన ఒక్కసారి కూడా “నేను అప్పుడే చెప్పినాను” అనలేదు. అని ఉంటే బాగుండేది, పోట్లాడటానికి ఏదో ఒకటి దొరికేది.

పదకొండో రోజు డాక్టరమ్మ కాగితం చూసి, ఇది క్యాన్సర్ కాదు అంది. నేను ఏడ్చేశాను. లేచి నిలబడి దండం పెట్టి, ఇక వెళ్ళొస్తామన్నాను. ఆమె నవ్వి కూర్చోమంది.

దాని పేరు అమెలోబ్లాస్టోమా అని చెప్పింది. మనం తల్లి కడుపులో ఉన్నప్పుడే పళ్ళు తయారుచేసే కణాలు పని మొదలుపెడతాయట. పళ్ళు వచ్చాక వాటి పని అయిపోతుంది. నాలో మాత్రం కొన్ని మిగిలిపోయి, నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ పని మొదలుపెట్టాయి. పన్ను కట్టడం వాటికి చేతకాలేదు, ఆపడం తెలియలేదు. ఒంట్లో పాకవు, మనిషిని చంపాలని చూడవు, కానీ ఉన్నచోట ఎముకను తింటూ పోతాయి. గీకి తీస్తే మళ్ళీ వస్తాయి. అందుకని చుట్టూ మంచి ఎముక కొంచెం కలిపి ఆ భాగం మొత్తం తీసేయాలి అంది. భయపడాల్సిన చోట నాకు ఆశ్చర్యం వేసింది. నా ఒంట్లో ఇన్నేళ్ళుగా ఒక పనివాడు కాచుకుని కూర్చున్నాడు, నాకు తెలియకుండా.

తీసేసిన చోట ఏం పెడతారని సుగుణ అడిగింది. డాక్టరమ్మ తన మోకాలి కింద చెయ్యి పెట్టి చూపించింది. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. బరువు మోసేది లావుది. పక్కన సన్నది ఒకటి ఉంటుంది. దాన్ని రక్తనాళంతో సహా తీసి, దవడ ఆకారానికి మలిచి, ఆ నాళాన్ని మెడలో నాళానికి కుడతారట. అప్పుడా ఎముక చచ్చిన ముక్కలా కాక, బతికే ఉండి అతుక్కుంటుంది. “కాలిలో ఉన్నప్పుడు అది మిమ్మల్ని నడిపించింది, ఇప్పుడు నమిలిస్తుంది,” అని తమిళంలో చెప్పింది. ఇంటికి వచ్చే దారంతా నేను నా ఎడమ పిక్కను తడుముకుంటూనే ఉన్నాను.

ఆపరేషన్‌కు ముందు కొలతల కోసం నా దవడను ప్లాస్టిక్‌లో అచ్చుతీశారు. పని అయ్యాక అడిగితే మాకే ఇచ్చారు. సుగుణ దాన్ని చీర కొంగులో చుట్టి ఇంటికి తెచ్చింది. నాయన అరుగు మీద కూర్చుని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎడమవైపు చిల్లులు చిల్లులుగా ఉన్న చోట వేలు పెట్టి చూశాడు. జరిగిన రెండు పళ్ళను తడిమాడు. సంతలో వేల పశువుల నోళ్ళు చూసినవాడు, కొడుకు నోటిని కూడా అటూ ఇటూ తిప్పి చూశాడు. దాన్ని తన తుండుగుడ్డలో పెట్టి బీరువాలో దాచాడు.

శివరాత్రి వచ్చే మాసి నెలలో ఆపరేషన్. పొద్దున ఏడింటికి తీసుకెళ్ళారు, దీపాలు పెట్టే వేళకు బయటికి తెచ్చారట. నాకేం తెలియదు. తెలివి వచ్చేసరికి గొంతులో గొట్టం, ముక్కులో గొట్టం, కాలికి కట్టు. మాట లేదు. తల కదపకూడదు, మెడలో కుట్టిన నాళం నలుగుతుందట. ఒక చేతికి సూదులు కట్టేసి ఉన్నాయి. రెండో చెయ్యి ఎత్తాలంటే ఊరినంతా ఎత్తినట్టుండేది.

గంటకోసారి నర్సు వచ్చి పెన్నులాంటి చిన్న పరికరం దవడ కింద ఆనించేది. దానిలోంచి సుయ్, సుయ్ అని శబ్దం వచ్చేది. అది కాలి నుంచి వచ్చిన ఎముకలోకి పోతున్న నెత్తురు చప్పుడు. మొదటి మూడు రోజులు ఆ చప్పుడు ఆగకుండా ఉంటే ఎముక బతికినట్టు, ఆగితే తీసేయాల్సిందే. నేను ఆ చప్పుడు కోసమే ఊపిరి పీల్చేవాణ్ణి. జీవితంలో దేన్నీ అంత శ్రద్ధగా వినలేదు.

రెండో రోజుకు సుగుణకు జ్వరం తగిలింది. జ్వరమున్నవాళ్ళు లోపలికి రాకూడదన్నారు. నాయన వచ్చి కూర్చున్నాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, భుజం మీద తుండుగుడ్డ, కాళ్ళు నేలకు ఆనని స్టూలు.

నర్సులు వచ్చినప్పుడల్లా నొప్పి పదికి ఎంత అని అడుగుతారు. నేను చెప్పలేకపోవడం చూసి నాయన తుండుగుడ్డ తీసి నా చేతి మీద కప్పి, తన చెయ్యి దాని కిందకు పోనిచ్చాడు. “నాకు చెప్పప్పా,” అన్నాడు.

మా సంతలో ధర పైకి చెప్పరు. అమ్మేవాడి చెయ్యి, దళారి చెయ్యి తుండు కిందకు పోతాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. ఐదు దాటితే అరచెయ్యి మొత్తం ఒకసారి నొక్కి, ఆపైన వేళ్ళు. చుట్టూ వందమంది నిలబడ్డా అంకె ఆ ఇద్దరికే తెలుస్తుంది. సున్నాకు గుర్తు లేదు. బేరం లేదనుకుంటే చెయ్యి వదిలేయడమే. చిన్నప్పుడు సంతకు వెంట తీసుకెళ్ళి ఆయనే నాకు నేర్పాడు. నేను కొబ్బరిలోకి పోయి ఆ విద్య మరిచిపోయాననుకున్నాను. వేళ్ళు మరిచిపోలేదు.

నాలుగు వేళ్ళు పట్టుకున్నాను. నాయన నర్సుకేసి తిరిగి, “మూణు,” అని తమిళంలో మూడు చెప్పాడు. ఒకటేగా తేడా, పోనీలే అనుకున్నాను. మరునాడు ఉదయం మెడ దగ్గర బిగుతు మొదలైంది. ఐదు నొక్కాను. “మూణు” అన్నాడు. అరచెయ్యి నొక్కి ఒక వేలు పట్టుకున్నాను. ఆయన నా వేలు వెనక్కి తోసి, తిరిగి నాలుగు నొక్కాడు. సంతలో ఎదుటివాడు ఎక్కువ చెప్పినప్పుడు దళారి చేసే పని అది. అరిచి చెప్పడానికి నా దగ్గర గొంతు లేదు. నాయనా, ఇది బేరం కాదు అని చెప్పడానికి తుండు కింద గుర్తేమీ లేదు. మళ్ళీ ఆరు నొక్కాను. “మూణు దామ్మా, సుమ్మా ఉండాడు,” అని, అంటే మూడేనమ్మా, ఊరికే ఉన్నాడని చెప్పి, నర్సును పంపేశాడు.

పదకొండింటికి డ్యూటీ మారి కనక వచ్చింది. మా తమిళ కంబం వైపు పిల్ల, అయినా ఇంట్లో తెలుగే. నాయన వచ్చి కూర్చున్న రోజే ఆయన గొణుగుడు విని మాతో తెలుగులో మాట్లాడింది. వచ్చీ రాగానే పెన్ను ఆనించింది. చప్పుడు ఉంది, కానీ సన్నగా ఉంది. నొప్పి ఎంతని అడిగితే నాయన మూడన్నాడు. కనక నా ముఖంలోకి వంగి చూసింది.

“తాతా, అన్నకు కండ్లల్లో నీళ్ళు కారతా ఉండాయి. మూడుకు ఎవురూ ఇట్ల ఏడవరు,” అంటూ తుండు కిందకు తన చెయ్యి పెట్టింది. “అన్నా, తాతకు చెప్పినట్టే నాకు చెప్పండి.”

అరచెయ్యి మొత్తం నొక్కి, మూడు వేళ్ళు పట్టుకున్నాను. ఆమెకు ఆ లెక్క తెలుసు, వాళ్ళ తాతకూ ఎడ్లుండేవట. ఎనిమిది అని పైకి అని, మెడ మీద పట్టీ విప్పి చూసి, ఫోన్ చేసింది. పది నిమిషాల్లో డాక్టరమ్మ వచ్చింది. కుట్ల కింద నెత్తురు గడ్డకట్టి నాళాన్ని నొక్కుతోందట. వెంటనే మళ్ళీ ఆపరేషన్‌కు తీసుకెళ్ళాలి, ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే ఎముక దక్కేది కాదు అంది. మంచం కదులుతుంటే నాయన పక్కన నడుస్తూ కనకతో అన్న మాట నాకు వినిపించింది.

“ఎక్కువ చెప్తే మళ్ళా లోపలికి ఎత్తుకపోతారని బయపడినానమ్మా. నేనే తగ్గించినాను.”

సంతలో ఆయన చేసిన పని అదే. పెద్ద అంకెను చిన్న అంకె చేసి ఇద్దరినీ ఇంటికి పంపడం. నా నొప్పిని కూడా అలాగే దించుదామనుకున్నాడు. కోపం వచ్చిందా అంటే వచ్చింది. మత్తుమందు ఎక్కేదాకా కోపంగానే ఉన్నాను.

తెలివి వచ్చేసరికి సాయంత్రపు ఎండ కిటికీలో ఉంది. కనక పెన్ను ఆనించింది. సుయ్, సుయ్, సుయ్. ముందుకన్నా గట్టిగా, వర్షంలో తడుస్తూ ఎవరో పరుగెత్తుతున్నట్టు. ఎముక బతికింది. నాయన గుమ్మం దగ్గర నిలబడి ఆ చప్పుడు వింటున్నాడు. లోపలికి రాలేదు. తుండుగుడ్డ భుజం మీద లేదు, చేతిలో ముద్దచేసి పట్టుకున్నాడు. నొప్పి ఎంత అని కనక అడిగితే, నేను ఆమె చెయ్యి పట్టుకోలేదు. వేళ్ళు చాచి అలాగే ఉంచాను. ఆమెకు అర్థమై, “తాతా, అన్న నిన్నే పిలస్తా ఉండాడు,” అంది.

ఆయన వచ్చాడు. తుండు కప్పాడు. ఐదు నొక్కాను. “ఐదు. ఐదేమ్మా,” అన్నాడు. అప్పటి నుంచి ఒక్క అంకె తగ్గించలేదు. నేను నిద్రమత్తులో తప్పు నొక్కితే కూడా అదే చెప్పేవాడు.

తరువాతి నెలలు మెల్లగా గడిచాయి. గొంతు గొట్టం తీసిన రోజు మొదట పలికిన మాట “నీళ్ళు”. అది నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ఎడమ పెదవి సగం మొద్దుబారింది, అక్కడి నరం కూడా తీసేయాల్సి వచ్చింది. సాంబారు గడ్డం మీదికి కారినా తెలియదు, ఇప్పటికీ సుగుణ కళ్ళతో సైగ చేస్తే తుడుచుకుంటాను. రెండు నెలలు కర్రతో, తర్వాత కర్ర లేకుండా నడిచాను. లోపల చెంప పక్కన కుట్టిన చర్మం కూడా పిక్కదే. ఒకరోజు నాలుకకు ఏదో గుచ్చుకుంది. అద్దం పెట్టి చూస్తే నోట్లో వెంట్రుకలు. కాలి చర్మానికి తను ఇల్లు మారినట్టు ఇంకా తెలియదు మరి. సుగుణ నవ్వీ నవ్వీ గోడకు ఆనుకుంది, జబ్బు మొదలయ్యాక ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి.

ఆరు నెలల తర్వాత తీసిన పటంలో డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. పాత ఎముక ఎక్కడ ఆగిందో, కాలి ఎముక ఎక్కడ మొదలైందో, ఆ గీత కనిపించడం లేదు. నేను చాలాసేపు వెతికాను. నాకు తెలిసిన ఏ పనివాడూ అతుకు కనబడకుండా అంత బాగా అతకలేడు. జబ్బు మళ్ళీ రావచ్చు కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవాలి, అలా చాలా ఏళ్ళు. ఆ భయం ఉంది. దాన్ని దాచను.

ఈ ఏడాది మాసిలో ఆ ఎముకలోనే మరలు బిగించి నాలుగు పళ్ళు పెట్టారు. నాయన కూడా వస్తానన్నాడు. పని అయ్యాక డాక్టరమ్మ నన్ను నోరు తెరవమంటే, ఆయన అడగకుండానే ముందుకు వచ్చి, గడ్డం కింద బొటనవేలు పెట్టి, పెదవి కిందికి లాగి చూశాడు. ఎద్దును చూసినట్టే. నేను విసుక్కోలేదు.

“నాలుగు పల్లేసిన కోడె. ఇంగ పదైదేండ్లు దున్నుతుంది,” అన్నాడు.

నొప్పి ఏమైనా ఉందా, పదికి ఎంత అని డాక్టరమ్మ నన్ను అడిగింది. నాకిప్పుడు మాట బాగానే వస్తుంది. లేదు అని ఒక్క మాట అంటే సరిపోతుంది. కానీ నాయన అప్పటికే తుండుగుడ్డ తీసి నా చేతి మీద కప్పాడు, అలవాటు. నొప్పి ఏమీ లేదు. లేదని చెప్పాలంటే చెయ్యి వదిలేయాలి, వేరే గుర్తు లేదు. నేను ఆయన వేలు ఒకటి పట్టుకున్నాను.

ఆయన నాకేసి చూశాడు. పట్టులో అబద్ధం ఆయనకు తెలియకుండా పోదు, యాభై ఏళ్ళ పని అది.

“ఒణ్ణుం ఇల్లమ్మా,” అన్నాడు డాక్టరమ్మతో. ఏమీ లేదని.

మళ్ళీ నేను చెప్పిన అంకెను తగ్గించే చెప్పాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.